వంద శాతం జూమ్ గారికి

అయ్యా,

ఫోటోలోని ఒక్కో పిక్సెల్‌ను (చుక్కను) కంప్యూటర్ తెర మీద ఒక్కో పిక్సెల్‌గా పరిచి లోపాలు చూపించే తమరి సేవలోనే నిన్న ఆదివారం మధ్యాహ్నమంతా గడిచిందని మనవి. కర్నూలు ఎండలో, మిద్దె మీద, పిట్టగోడకు దినపత్రిక అంటించి, 50 ఎంఎం లెన్సుతో లెన్సు రంధ్రం బాగా తెరిచిన ఎఫ్/1.8 నుంచి బాగా మూసిన ఎఫ్/16 దాకా మెట్టుకు (స్టాపుకు) మూడేసి ఫోటోలు తీశాను. ట్రైపాడ్, రెండు సెకన్ల టైమరు, ఐఎస్ఓ 100... మర్యాదల్లో లోటు రానివ్వలేదు. ఎఫ్/16లో అక్షరాలు మెత్తబడితే అది డిఫ్రాక్షన్ (సన్న రంధ్రంలో వెలుగు చెదరడం), ఏ లెన్సుకైనా తప్పదని సర్దుకున్నాను.

కానీ ఆ కుడి అంచు! ఎడమవైపు పెళ్లి ప్రకటనల్లో గోత్రాలు కూడా చదవొచ్చు. కుడివైపు రాశిఫలాలు మాత్రం మసక. లెన్సులో గాజు పక్కకు జరిగిందని తమరే అనుమానం పుట్టించారు. సరే, ట్రైపాడ్ నడిమి కడ్డీ తిరగేసి, కెమెరాను తలకిందులుగా వేలాడదీసి మళ్లీ తీశాను. దోషం లెన్సుదైతే మసక గోత్రాల మీదికి పోవాలి. పోలేదు. రాశిఫలాల దగ్గరే కూర్చుంది. తాడు పెట్టి చూస్తే ఏముంది, మా పిట్టగోడే ఆ పక్క అంగుళం వెనక్కి పోయింది! అంత దగ్గర నుంచి ఎఫ్/1.8లో తమరు ఒప్పుకునే ఫోకస్ లోతు బొటనవేలి మందం. మేస్త్రి చేసిన తప్పుకు మూడు గంటలు లెన్సును తిట్టాను.

పోయిన వారం కొండారెడ్డి బురుజు రాళ్లు వణికినట్టు పడితే అప్పుడూ లెన్సునే తిట్టించారు. మధ్యలో ఉన్న వేడిగాలి గుర్తు రాలేదు.

అసలు నువ్వెవడివి? నా ఫోటో 6000 × 4000 పిక్సెళ్లు, నా మానిటర్ 1920 × 1080. నీ కొలతలో ఫోటో మొత్తం చూడాలంటే ఇలాంటి తెరలు పదకొండుకు పైనే కావాలి. ఐదడుగుల పైన వెడల్పు! అంత ఫోటో తగిలించే గోడ మా ఇంట్లో ఒక్కటే ఉంది. అదీ వంకర.

మంచి చీర కట్టుకుని మా జేజి మూడుసార్లు మిద్దెక్కి దిగింది. నాలుగోసారి అడిగేసింది: "ఆ పేపరును అన్నిసార్లు తీస్తాండావే, నీకు చదవను రాదా నాయనా?"

పొద్దు వాలినాక జేజిది ఒక్కటి తీశాను. ఫోన్‌లో చూసి "బాగుండాది, కట్టించు" అంది. ఆ ఫోటో నీకు చచ్చినా చూపించనని ఒట్టు పెట్టుకున్నాను.

రాత్రి పదకొండుకు చూపించాను. కన్ను మసక. చెవి కమ్మలో ఎర్రరాయి మాత్రం, అబ్బ, ఎంత షార్ప్‌గా ఉందో!

ఇట్లు,
వంకర పిట్టగోడ వారసుడు