సందేశాల అంగడికి భద్రత ఏది?

మంగళగిరిలోనో పోచంపల్లిలోనో మగ్గం దిగిన చీర ఫొటో వాట్సాప్ గ్రూపు ద్వారా నిమిషాల్లో వందల ఫోన్లకు చేరుతోంది. నచ్చినవారు ధర అడుగుతారు, యూపీఐలో సొమ్ము పంపి స్క్రీన్‌షాట్ పెడతారు. కొరియర్ రసీదు ఫొటో కూడా అదే గ్రూపులోకి వస్తుంది. టైపు చేయడం అలవాటు లేనివారు గొంతు రికార్డు చేసి పంపుతారు. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమెరికాలోని తెలుగు కుటుంబాలకు పంపే మహిళలకూ, వీధి చివర కిరాణా కొట్టుకూ వాట్సాప్ ఇప్పుడు దుకాణం, ఖాతా పుస్తకం, ప్రచార పత్రం. 2018 జనవరిలో చిన్న వ్యాపారుల కోసం వచ్చిన ప్రత్యేక వాట్సాప్ యాప్‌ను ఉచితంగానే ఇస్తున్నారు. పెద్ద ఆన్‌లైన్ అంగళ్లు అమ్మకంపై గుంజే కమీషన్ ఇందులో లేదు. వెబ్‌సైటు కట్టించుకునే స్తోమత లేనివారిని దేశవిదేశాల కొనుగోలుదారులతో కలిపిన ఈ మార్పును మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం.

ప్రభుత్వాలూ ఇదే దారి పట్టాయి. హైదరాబాద్ మెట్రో 2022లోనే వాట్సాప్‌లో టికెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్ యజమాని మెటా సంస్థతో ఒప్పందం చేసుకుని 2025 జనవరి 30న వాట్సాప్‌లోనే 161 ప్రభుత్వ సేవలు అందించే ‘మన మిత్ర’ను ప్రారంభించింది. ఫీజు బకాయి సాకుతో కాలేజీలు హాల్‌టికెట్లు తొక్కిపట్టే దురాచారానికి విరుగుడుగా ఇంటర్ విద్యార్థుల హాల్‌టికెట్లను నేరుగా ఫోనుకే అందించడం ఈ ఏర్పాటు సాధించిన మేలు. ప్రిన్సిపాల్ గది ముందు తండ్రి చేతులు కట్టుకుని నిలబడే అవసరం తప్పింది. ఒక్క ఈ పనికైనా దాన్ని మెచ్చుకోవాలి.

అయితే ఇదంతా పరాయి స్థలంలో వేసుకున్న పాక. స్థల యజమాని ఒకే ఒక విదేశీ కంపెనీ. నిబంధనల ఉల్లంఘన పేరుతో వాట్సాప్ మన దేశంలో ప్రతినెలా లక్షల ఖాతాలను నిషేధిస్తున్నట్లు దాని నివేదికలే చెబుతున్నాయి. వాటిలో మోసగాళ్లవి ఎక్కువే ఉండవచ్చు, వారిని ఏరివేయాల్సిందే. కానీ పండుగ ముందు కొత్త సరుకు వివరాలను ఒకేసారి ఎక్కువమందికి పంపిన వ్యాపారి ఖాతా కూడా అదే వలలో పడితే? కొనుగోలుదారుల నంబర్లు, పెండింగు ఆర్డర్లు, ఎవరు ఎంత బాకీ ఉన్నారన్న లెక్క అన్నీ ఆ ఖాతాతోనే మూతపడతాయి. అడగడానికి కౌంటరు ఉండదు. యంత్రం పంపే జవాబులో కారణం ఉండదు.

న్యాయస్థానం గడప తొక్కినా ఊరట సులభం కాదు. ఏళ్లుగా రోగులతో వాట్సాప్‌లోనే మాట్లాడుతున్న ఒక వైద్య కేంద్రం ఖాతా నిలిచిపోగా, నిర్వాహకులు 2025 అక్టోబరులో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ప్రైవేటు సంస్థపై ఆ పిటిషన్ ఎలా నిలుస్తుందని ప్రశ్నించిన ధర్మాసనం వేరే న్యాయమార్గాలు చూసుకోమంది, స్వదేశీ సందేశాల యాప్ అరట్టై ఉంది కదా అని కూడా సూచించింది. చట్టపరంగా ఆ ప్రశ్న సరైనదే కావచ్చు. కానీ కొనుగోలుదారులంతా ఒకచోట ఉంటే వ్యాపారి ఒక్కడే మరో చోటికి వెళ్లి ఎవరికి అమ్ముతాడు? స్వదేశీ యాప్ రావడం సంతోషమే, అయినా అక్కడా ఇవే షరతులుంటే యజమాని పేరు మారడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ధరలూ నియమాలూ కూడా ఏకపక్షమే. కాస్త పెరిగిన వ్యాపారం తన కంప్యూటర్ వ్యవస్థను వాట్సాప్‌కు కలిపి సందేశాలు పంపాలంటే ఒక్కో ప్రకటన సందేశానికి ముప్పావలా పైనే చెల్లించాలి. అది ఎప్పుడు పెరుగుతుందో పంపేవారి చేతిలో లేదు. ఏ ప్రశ్నకైనా జవాబిచ్చే చాట్‌జీపీటీ తరహా కృత్రిమ మేధ చాట్‌బాట్‌లు తమ వ్యాపార వేదికపై 2026 జనవరి 15 నుంచి ఉండరాదని వాట్సాప్ ప్రకటించడంతో, దాన్నే నమ్ముకుని సేవలు నిర్మించిన కంపెనీలు దిక్కుతోచని స్థితిలో పడ్డాయి. ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ వెంటనే జోక్యం చేసుకుంది. బ్రెజిల్ కేంద్ర బ్యాంకు అంతకన్నా ముందే, 2020 జూన్‌లో, వాట్సాప్ చెల్లింపులు మొదలైన ఎనిమిది రోజులకే వాటిని ఆపి, పరిశీలించాకే మరుసటి ఏడాది అనుమతించింది. ఈలోగా 2020 నవంబరులోనే సొంత చెల్లింపు వ్యవస్థ ‘పిక్స్’ను ప్రజల చేతికిచ్చింది. గట్టిగా నిలబడే నియంత్రణ సంస్థ ఉంటే ఎంత పెద్ద కంపెనీ అయినా ఆగుతుంది.

మనకూ ఆ అనుభవం లేకపోలేదు. మొబైల్ నంబరు మారకుండా కంపెనీ మారే హక్కు 2011 జనవరిలో దేశమంతటా వచ్చింది. ఫోన్‌పే వాడేవారు గూగుల్ పే వాడేవారికి సొమ్ము పంపగలుగుతున్నది యూపీఐ అందరికీ ఉమ్మడి దారి కాబట్టే. సందేశాలకు మాత్రం అలాంటి దారి ఎందుకు ఉండకూడదు? ఐరోపా సమాఖ్య తన డిజిటల్ మార్కెట్ల చట్టంతో వాట్సాప్‌ను ఇతర యాప్‌లకు తలుపు తీసేలా చేసింది. మన డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా 2024 మార్చిలో వెలుగు చూసి అక్కడే ఆగిపోయింది. కేంద్రం దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకోవాలి.

చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేని పనులున్నాయి. వ్యాపార ఖాతాను మూసే ముందు కారణం రాతపూర్వకంగా తెలుగులో చెప్పాలి. మనిషి వినే అప్పీలుకు గడువు పెట్టాలి. నిషేధించినా కొనుగోలుదారుల జాబితా, లావాదేవీల చరిత్ర వ్యాపారికి తిరిగివ్వాలి. సామాజిక మాధ్యమ సంస్థల నిర్ణయాలపై ఫిర్యాదులు వినడానికి కేంద్రం 2023లో అప్పీలు కమిటీలను ఏర్పాటు చేసింది, సంస్థ ఫిర్యాదుల అధికారి జవాబు అందిన 30 రోజుల్లోగా వాటికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ సంగతి తెలిసిన చేనేత కార్మికుడు, చిన్న దుకాణదారు ఎక్కడో గానీ కనిపించరు. జిల్లా పరిశ్రమల కేంద్రాలు, పొదుపు సంఘాల సమాఖ్యలు ఈ సమాచారాన్ని వారికి చేర్చి దరఖాస్తు నింపడంలో సాయపడాలి. ఇక రాష్ట్ర ప్రభుత్వం మెటాకు చిన్నాచితకా వినియోగదారు కాదు, కోట్ల మంది పౌరుల తరఫున మాట్లాడగల భాగస్వామి. ఒప్పందాన్ని పొడిగించే సందర్భం వచ్చినప్పుడు చిన్న వ్యాపారుల ఖాతాలకు ఈ రక్షణలను షరతుగా పెట్టాలి. సచివాలయం, మీసేవ కిటికీల వద్ద కూడా ఇవే సేవలు తగ్గకుండా కొనసాగించాలి.