ఉత్తరం దిక్కు తాబేలు గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ గాజు తాబేలు గారికి,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే, ఈ ఇంట్లో కుశలంగా ఉన్నది మీరొక్కరే. ఈ మధ్యాహ్నం మీ పళ్లెం ఒరిగి, నీళ్లన్నీ కింది అరలోని వైఫై పెట్టెలోకి దిగాయి. అది చిటుక్కుమని ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. కంప్లైంట్ ఇస్తే "ఒంటిగంట నుంచి ఆరులోగా మనిషి వస్తాడు సార్" అన్నారు. అరపూట సెలవు పెట్టి గుమ్మంలో కూర్చున్నాను. ఆరు దాటింది, ఏడూ దాటింది. ఫోన్‌లో డేటా పిల్లలు పొద్దున్నే తాగేశారు. అందుకే ఇంత తీరిగ్గా కాగితం మీద రాస్తున్నాను.

మిమ్మల్ని తెచ్చింది మా అప్ప. విశాఖలో 800 పెట్టి కొందట. "ఉత్తరం దిక్కున నీళ్లలో పెట్టరా, మొహం లోపలికి తిప్పు, డబ్బు నిలబడుతుంది" అంది. మా రెండు గదుల్లో ఉత్తరం గోడకి ఉన్నది ఒకే అలమర. పై అరలో మీరు, కింద వైఫై. నిలబడినవి నీళ్లే, వాటిలో దోమపిల్లలు. శుక్రవారం డ్రై డే, నిలవనీళ్లు పారబోయాలి అంటూ వచ్చిన ఆరోగ్య కార్యకర్త ఆ పళ్లెం చూసి నాకు పెట్టాల్సిన చీవాట్లన్నీ పెట్టింది. మిమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. దేవుడి వస్తువు కదా.

అదీ పోనివ్వండి. నాకు మింగుడుపడనిది మీ అట్టపెట్టె మీది రాత. "5000 ఏళ్ల వాస్తు రహస్యం" అట. ఎవరి వాస్తు స్వామీ? ఉత్తరానికి తాబేలును కాపలా పెట్టింది చైనా వాళ్లు. వాళ్ల నాలుగు దిక్కులకు నాలుగు జంతువులు, ఉత్తరానిది పాము చుట్టుకున్న నల్ల తాబేలు. మనకు ఉత్తరం కుబేరుడిది. వాళ్ల తాబేలును మన కుబేరుడి బీరువాకి అతికించి అమ్మినవాడు మాత్రం గట్టివాడు.

చైనాలో మీవాళ్లకు పెద్ద చరిత్రే ఉంది, కాదనను. లువో అనే నదిలోంచి వచ్చిన తాబేలు వీపు మీద చుక్కలు కనిపించాయని, ఏ వరస కూడినా 15 వచ్చిందని కథ. నా జీతం లెక్కా అంతే, ఎటు కూడినా 15వ తారీఖు దాటదు. 3000 ఏళ్ల కిందట షాంగ్ రాజులు తాబేలు పొట్టచిప్పకు వేడి తగిలించి, విచ్చిన బీటలు చూసి, వానొస్తుందా, యుద్ధం గెలుస్తామా అని తెలుసుకునేవారు. చిప్పను అడిగినా ఏదో ఒక జవాబు వచ్చేది! నేను మధ్యాహ్నం నుంచి ఏడుసార్లు ఫోన్ చేశాను.

ఇక మన వైపు. కశ్యపుడంటే తాబేలే అంటుంది శతపథ బ్రాహ్మణం అనే వేదగ్రంథం. యజ్ఞవేదిక అడుగు వరసలో బతికున్న తాబేలును పెట్టేవారు. భగవద్గీత రెండో అధ్యాయం 58వ శ్లోకంలో ఏముంది? తాబేలు కాళ్లూ తలా లోపలికి లాక్కున్నట్టు, కోరికల మీద నుంచి ఇంద్రియాలను వెనక్కి లాక్కున్నవాడు స్థితప్రజ్ఞుడని. కోరికలు ముడుచుకోమన్న గుర్తును తెచ్చి, డబ్బు కావాలని పళ్లెంలో పెట్టాం. పెట్టిన నాకు బుద్ధి లేదు, సరే. కూర్చున్న నీకైనా సిగ్గుండక్కర్లేదా? అవును, నువ్వనే అంటున్నాను.

శ్రీకూర్మం గుడి మా శ్రీకాకుళానికి పట్టుమని 15 కిలోమీటర్లు కూడా లేదు. మూలవిరాట్టే కూర్మరూపం, చూపు పడమటికి, ముందూ వెనకా రెండు ధ్వజస్తంభాలు. ఆయనకు లేని ఉత్తరం పట్టింపు నీకొచ్చిందా? అక్కడ నిజం నక్షత్ర తాబేళ్లు ఆకులు నములుతుంటాయి. తీసుకెళ్తానంటే "ఎండరా బాబూ" అంటుంది మా అప్ప. విశాఖలో షాపులు తిరగడానికి ఎండ అడ్డురాలేదు.

మొన్న సంక్రాంతి వెళ్లాక పిల్లలతో కళింగపట్నం వెళ్లాను. ఒడ్డున ఒక ఆలివ్ రిడ్లే సముద్రపు తాబేలు చచ్చి పడుంది. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే కాలం అది. సముద్రంలో బతికినా తాబేలు పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. ట్రాలర్ వలలో చిక్కి నీళ్ల కిందే ఉండిపోతే ఊపిరాడక చస్తుంది. వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, అప్పటికి వచ్చేవి చాలావరకు వచ్చి పోయి ఉంటాయి. వాసనకి నేను ముక్కు మూసుకుంటే మా చిన్నది దగ్గరికెళ్లి చూసి, "ఇంట్లో దానికి పెట్టినట్టు దీనికీ నీళ్లు పెడదామా నాన్నా" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి కూడా నీ పళ్లెంలో నీళ్లు మార్చాను చూడు, గాజుముక్కా!

ఇప్పుడే అప్ప ఫోన్ చేసింది. "ఏటిరా, నెట్ పోయిందట? తాబేలు మొహం ఎటు పెట్టావు?"

పళ్లెం ఒరిగినప్పుడు నువ్వు గుమ్మం వైపు తిరిగిపోయావు. అదే చెప్పాను.

"అదీ సంగతి," అంది.

లేచి నిన్ను లోపలికి తిప్పాను. రేపు కూడా ఒంటిగంట నుంచి ఆరులోగానేనట.

ఇట్లు,
నీకు నీళ్లు మార్చేవాడు,
శ్రీకాకుళం