గేటు బయట సమాజం

చీపురుపల్లి రోడ్డు మీద ఒక ఊళ్ళో మొన్న మంచినీళ్ళ ప్లాంటు ప్రారంభమైంది. కార్డు పెడితే 20 లీటర్ల టిన్ను నిండుతుంది. దగ్గర్లోని బట్టల కంపెనీవాళ్ళు తమ సామాజిక బాధ్యత నిధుల్లోంచి కట్టించారు. రిబ్బను, కొబ్బరికాయ, శాలువాలు, పైన ఎగిరే డ్రోన్ కెమెరా, అన్నీ పద్ధతిగా జరిగాయి. యాజమాన్యం తరఫున వచ్చిన పెద్దమనిషి నీరే ప్రాణమని, మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరేనని మంచి తెలుగులో చెప్పారు. ఊరు చప్పట్లు కొట్టింది.

చప్పట్లలో ఆడవాళ్ళ చప్పుడు కాస్త తగ్గింది. ఊళ్ళో వయసు ఆడవాళ్ళు చాలామంది ఆ సమయానికి అదే కంపెనీలో షిఫ్టులో ఉన్నారు. నీళ్ళు తాగకుండా.

అపార్థం చేసుకోకండి. లోపల నీళ్ళు లేవని కాదు. ఫ్లోరు చివర చల్లటి నీళ్ళ ఫిల్టరు ఉంది. దాని పక్కన రోజుకు ఎనిమిది గ్లాసులు తాగాలని బొమ్మ వేసిన బోర్డు కూడా ఉంది. తాగనిది వీళ్ళే. ఎందుకమ్మా అని ఒకావిడ్ని అడిగాను. "తాగితే బాత్రూముకి ఎల్లాల కదా బాబూ. లైనుకి ఒకటే టోకెను. అది ఎవులి మెళ్ళోనో ఉంటాది. అది తిరిగొచ్చి, నానెల్లొచ్చీసరికి నా మిషను కాడ పీసులు ఇంతెత్తు పేరుకుపోతాయి. టార్గెట్ పోతే ఆ సూపర్‌వైజరు నోరు మంచిది కాదు. అందుకే పొద్దున్న ఇంటికాడ ఓ గుక్కెడు తాగీసి వొచ్చేస్తాను" అంది. నీళ్ళు పుష్కలంగా ఇచ్చి, తాగడం తాగకపోవడం మాత్రం ఉద్యోగి విచక్షణకు వదిలేసిన ఆ యాజమాన్యం పట్ల నాకు గౌరవం పెరిగింది. బలవంతం ఎక్కడా లేదు.

ఊళ్ళో ప్లాంటునీ లోపలి టోకెన్‌నీ పక్కపక్కన పెట్టి వెటకారం చేసేవాళ్ళు ఉంటారు. వాళ్ళు చట్టం చదవనివాళ్ళు. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ చూడండి. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆకలి, చదువు, ఆరోగ్యం, చెట్లు, చెరువులు, ఆటలు, పాత కట్టడాలు, వేటి మీదైనా పెట్టొచ్చు. ఒక్క షరతు. సొంత ఉద్యోగుల కోసం పెట్టింది ఈ లెక్కలోకి రాదు. 2014 నిబంధనల్లో ఉన్న ఈ మాటను 2021 సవరణలో ఇంకా గట్టిగా రాశారు. చట్టప్రకారం ఎలాగూ చెయ్యాల్సిన పనులూ ఇందులోకి రావు.

రాసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. ఆ గీత గీయకపోతే మనవాళ్ళు జీతాలనే దానధర్మాల ఖాతాలో చూపించి, పీఎఫ్ కట్టినందుకు సన్మానం చేయించుకునేవారు. కాబట్టి గీత సరైనదే. అది సరిగ్గా కంపెనీ గేటు దగ్గర పడింది, అంతే. దాని ప్రకారం పొద్దున్న ఆరున్నరకు బస్సెక్కేదాకా ఆవిడ సమాజం. గేటులో వేలిముద్ర పడ్డాక ఖర్చు. రాత్రి బస్సు దిగాక మళ్ళీ సమాజం. రాత్రుళ్ళు, ఆదివారాలు, పైడితల్లమ్మ పండగ సెలవు రోజున ఆవిడ పట్ల కంపెనీ బాధ్యత చెప్పనలవి కానిది. ఆవిడ కూతురు చదివే బడి గోడలకు రంగులు వేయించి, ఏబీసీడీలు రాయించి, కింద కంపెనీ గుర్తు కూడా వేయించింది. ఇంకో కూతురు చంటిది. దాన్ని పనికి తెచ్చుకోవడానికి ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలి, ఉంది. ఉయ్యాల ఉంది, గోడ మీద ఏనుగు బొమ్మ ఉంది, తలుపుకు తాళం ఉంది.

అయినా కంపెనీకి లోపల శ్రద్ధ లేదనడం పాపం. సూది సంగతి వినండి. కుట్టేటప్పుడు సూది విరిగితే ఆపరేటర్ మిషను ఆపేయాలి. కొత్త సూది అడిగితే ఇచ్చెయ్యరు. విరిగిన ముక్కలన్నీ దొరకాలి. అయస్కాంతం పట్టుకుని బల్ల మీద, కింద, బట్ట మడతల్లో వెతుకుతారు. దొరికిన ముక్కల్ని పేర్చి, పూర్తి సూది అయిందో లేదో చూసి, రిజిస్టరులో టేపుతో అతికించి, తేదీ, మిషను నంబరు, సంతకం పెడతారు. ఒక్క ముక్క దొరక్కపోయినా ఆ చుట్టుపక్కల పీసులన్నీ పక్కన పెట్టి మెటల్ డిటెక్టర్ గుండా పంపుతారు. ఎక్కడో వేల మైళ్ళ అవతల ఆ చొక్కా తొడుక్కునే పసిబిడ్డకు గుచ్చుకోకూడదని. చాలా మంచి పద్ధతి, నిజంగానే అంటున్నాను.

అదే సూది ఒక్కోసారి వేలిలోంచి దూసుకెళ్ళి విరుగుతుంది. అప్పుడూ పద్ధతి పద్ధతే. వేల్లో దిగిన ముక్క తీశాక ముందు అది రిజిస్టరుకు వెళుతుంది, ఆ తర్వాత దూది వేలికి వస్తుంది. రిజిస్టరులో వేలికి కాలమ్ లేదు. ప్రమాదాలకు వేరే రిజిస్టరు ఉందిగా అంటారు. ఉంది. చూశాను. నెలనెలా ఒకే చేతిరాతతో, ఒకే పెన్నుతో 'నిల్' అని రాసి ఉంది. అంత శుభ్రమైన పుస్తకం నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు.

ఈ పుస్తకాలన్నీ చూసి మార్కులు వేయడానికి ఏడాదికోసారి ఆడిటర్ వస్తారు. ఆ కబురు రాగానే ఫ్లోరు మీద పసుపు గీతలకు కొత్త రంగు పడుతుంది. అత్యవసర ద్వారానికి అడ్డంగా ఉన్న అట్టపెట్టెలు లారీ ఎక్కి ఊరు చూడ్డానికి వెళతాయి. కటింగ్ సెక్షన్ కుర్రాడికి ఇనప జాలీ తొడుగు ఇస్తారు, వాడు అది ఏ చేతికో అడిగి తెలుసుకుంటాడు. పిల్లల గది తాళం తీస్తారు. ఆ రోజు గదికి పిల్లల్ని కూడా సమకూరుస్తారు. ముందురోజు అందరినీ కూర్చోబెట్టి ప్రశ్నలు, జవాబులు వల్లె వేయిస్తారు. రోజుకు ఎన్ని గంటలు? ఎనిమిదండి. ఓవర్‌టైము (ఓటీ) బలవంతమా? ఇష్టపూర్వకమండి. ఎవరైనా తిడతారా? లేదండి, అమ్మా అని పిలుస్తారండి. యూనియన్ పెట్టుకునే స్వేచ్ఛ ఉందా అన్న ప్రశ్నకు హెచ్ఆర్ వాళ్ళే సమాధానం చెబుతారు: "సంపూర్ణంగా ఉంది సార్. మావాళ్ళే వాడుకోవట్లేదు." ఫారంలో 'అవును' దగ్గర టిక్కు పడుతుంది. మధ్యాహ్నం భోజనం బాగుంటుంది. సాయంత్రం విశాఖలో ఆయనకు విమానం ఉంటుంది.

ఇష్టపూర్వకం అనే మాట అబద్ధం కాదు. ఆరింటికి షిఫ్టు అయిపోతుంది, కావాలంటే ఇంటికి వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఆపరు. బస్సు మాత్రం ఎనిమిదింటికి.

ఓటీకి రెట్టింపు కూలి ఇవ్వాలని ఫ్యాక్టరీల చట్టం చెప్పింది కాబట్టి, పాపం, కంపెనీలు కొన్నిచోట్ల రెండు పుస్తకాలు రాయాల్సి వచ్చేది. ఒకటి చూపించడానికి, ఒకటి చూసుకోవడానికి. ఈ అవస్థను మన రాష్ట్ర మంత్రివర్గం అర్థం చేసుకుంది. 2025 జూన్‌లో రోజు పనిని 9 గంటల నుంచి 10కి, మూడు నెలల్లో చేయించగల ఓటీని 75 గంటల నుంచి 144కి పెంచేందుకు ఒప్పుకుంది. మధ్యలో విరామం ఇవ్వకుండా చేయించే పని 5 గంటలు ఉండేది, దాన్ని 6 చేయాలంది. నీళ్ళు తాగనివాళ్ళకు ఆ ఒక్క గంట పెద్ద లెక్క కాదని గ్రహించే అన్నారనుకుంటాను. ఇన్నాళ్ళూ పుస్తకాలు చట్టం వెంట పరిగెత్తలేక రొప్పాయి. ఇప్పుడు చట్టమే నడుచుకుంటూ పుస్తకాల దగ్గరికి వస్తోంది.

స్థానిక యజమానిని ఒక్కణ్ణే అనడం కూడా భావ్యం కాదు. ఆయనకు బట్టలు కొనే బ్రాండ్, అంటే బయ్యర్ నుంచి రెండు మెయిళ్ళు వస్తాయి. మొదటిది నీతి విభాగం నుంచి. వారానికి ఇన్ని గంటలకు మించి పని చేయించకూడదు, బతకడానికి సరిపడా జీతం ఇవ్వాలి, కార్మికుల గౌరవం కాపాడాలి. రెండోది కొనుగోళ్ళ విభాగం నుంచి. రంగు మార్చాం, తేదీ మార్చలేదు, రేటు పీసుకు ఇంకాస్త తగ్గించండి, లేకపోతే బంగ్లాదేశ్‌లో అడుగుతాం. రెండూ ఒకే బిల్డింగ్‌లోంచి వస్తాయి. రెండు విభాగాలవాళ్ళూ ఒకే క్యాంటీన్‌లో తింటారు. ఒకరి మెయిలు ఇంకొకరికి కాపీ పెట్టుకోరు, మర్యాద. మన యజమాని మొదటి మెయిలు ఫ్రేమ్ కట్టించి రిసెప్షన్‌లో తగిలిస్తాడు, రెండోది ఫ్లోరులో అమలు చేస్తాడు. ఇలాంటి నీతి నియమావళులు బట్టల బ్రాండ్లు రాసుకోవడం 1991లో లీవైస్‌తో మొదలైంది. మూడు దశాబ్దాలు దాటినా ఆ రెండు విభాగాలకూ ఇంకా పరిచయం కాలేదు.

ఇక్కడ గొంతు కాస్త సవరించుకోవాలి. 2012లో కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే జీన్స్ ఫ్యాక్టరీకి ఎస్ఏ8000 సర్టిఫికెట్ వచ్చింది. కార్మిక ప్రమాణాల్లో పేరున్న సర్టిఫికెట్. కొన్ని వారాలకే, సెప్టెంబర్ 11న, అక్కడ నిప్పంటుకుంది. కిటికీలకు ఇనప చువ్వలు, ద్వారాలకు తాళాలు. 250 మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రానా ప్లాజా కూలింది. ముందురోజే గోడలు పగుళ్ళిచ్చాయి. కింద ఉన్న బ్యాంకు తన ఉద్యోగుల్ని ఇంటికి పంపేసింది. పైన కుట్టేవాళ్ళను మాత్రం పనిలోకి రమ్మన్నారు, రాకపోతే జీతం కోస్తామన్నారు. 1,100 మందికి పైగా పోయారు. ఆ భవనంలోని ఫ్యాక్టరీల్లో కొన్నింటికి సామాజిక ఆడిట్ కూడా జరిగింది. కాగితాలు ఉన్నాయి. కరాచీ, ఢాకా మనకెందుకంటారా? 2022లో మన పక్కనున్న అచ్యుతాపురం సెజ్‌లో జూన్‌లో ఒకసారి, మళ్ళీ ఆగస్టులో ఒకసారి, బట్టలు కుట్టే ఆడవాళ్ళు విషవాయువు పీల్చి వందల్లో ఆస్పత్రుల పాలయ్యారు.

రానా ప్లాజా తర్వాత ఢాకాలో ఒక విపరీతం జరిగింది. కార్మిక సంఘాలను ఎదురుగా కూర్చోబెట్టుకుని, బ్రాండ్లు ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. పేరు అకార్డ్. దానిలో ఉన్న పెద్ద లోపం ఏమిటంటే, మాట తప్పితే కేసు పెట్టొచ్చు. అలాంటి దుర్మార్గపు షరతు ఉన్నందువల్ల కాబోలు, బిల్డింగులు నిజంగానే తనిఖీ అయ్యాయి, చాలా ఫ్యాక్టరీల్లో తలుపులు, వైర్లు, స్తంభాలు బాగుపడ్డాయి. మనకు అలాంటివి పడవు. మన దారి స్వచ్ఛందం.

ఇదే జిల్లాల్లో బట్టకు ఇంకో మాదిరి పని కూడా ఉంది. పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు, రాట్నం మీద సన్న నూలు తీస్తారు. అక్కడ కూలి బాగుందని చెప్పను. ఏమీ బాగోలేదు, అందుకే ఆ ముసలమ్మల కోడళ్ళు, మనవరాళ్ళు కంపెనీ బస్సెక్కుతున్నారు. కాకపోతే రాట్నం దగ్గర కూచున్నావిడ లేచి పెరట్లోకి వెళ్ళడానికి ఎవర్నీ అడగదు. ఈ లోపం సరిదిద్దడానికి ఆధునికీకరణ నిధులు ఎప్పటికైనా రావాలి.

విమర్శించడం తేలిక, దారి చూపడం కష్టం అంటారు కాబట్టి నాదో సూచన. చట్టం సొంత ఉద్యోగుల మీద పెట్టొద్దంది, పక్క కంపెనీ ఉద్యోగుల మీద పెట్టొద్దని ఎక్కడా అనలేదు. కుండమార్పిడి పెళ్ళిళ్ళు మన వైపు కొత్తా? మీ పిల్లను మా వాడికి, మా పిల్లను మీ వాడికి ఇచ్చుకుంటే కట్నాల గొడవ ఉండదు. అలాగే బట్టల కంపెనీవాళ్ళు అవతలి కంపెనీవాళ్ళ కార్మికులకు మరుగుదొడ్లు కట్టించాలి, వాళ్ళు వచ్చి ఇక్కడి ఆడవాళ్ళకు కట్టించాలి. మొదట జూట్ మిల్లులవాళ్ళను అడుగుదామనుకున్నాను గానీ, మన జూట్ మిల్లులు ఎప్పుడు నడుస్తాయో ఎప్పుడు లాకౌటో వాటికే తెలీదు. పైడిభీమవరం మందుల కంపెనీలైతే నయం, లాభాలున్నాయి. రెండు రిబ్బన్లు, రెండు శాలువాల కట్టలు, రెండు వార్షిక నివేదికల్లో రెండు ఫోటోలు. చట్టానికి చట్టం, పుణ్యానికి పుణ్యం.

ఈ సంగతి ఒక హెచ్ఆర్ ఆఫీసరుతో చెప్పాను. కుర్రాడు మంచివాడు, ఎంబీఏ చదివాడు, చెప్పింది శ్రద్ధగా రాసుకున్నాడు. ఒకే ఒక్క ఇబ్బంది కనిపించింది. ప్రారంభోత్సవం మామూలు రోజున పెడితే లైను ఆగుతుంది, ఆ గంట ఎవరి లెక్కలో వేయాలి? ఆదివారం పెట్టుకోండి, ఆ రోజు వాళ్ళు ఉద్యోగులు కారు, సమాజం, బిర్యానీ కూడా ఆ నిధుల్లోంచే పెట్టొచ్చు అన్నాను. అతని ముఖం వెలిగింది. ఫోన్ తీసి క్యాలెండర్ చూశాడు.

"ఈ ఆదివారం కుదరదు సార్, ఓటీ ఉంది. పై ఆదివారం కూడా."