టిక్కులన్నీ రిజిస్టర్‌లోనే

సైన్యం స్టోర్‌రూమ్‌లో రేడియేషన్ మీటర్‌ని ఎలా చూసుకోవాలో ఈమధ్యే తెలిసొచ్చింది. మీటర్‌ని ముట్టుకోకూడదు, రిజిస్టర్‌ని మాత్రం పువ్వుల్లో పెట్టి చూసుకోవాలి. వారానికో టిక్కు, నెలకో టిక్కు, వాడకముందు ఒకటి, వాడాక ఒకటి, ఇలా ఏడాది టిక్కులన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒక్క టీ చల్లారేలోపు పడిపోవాలి. దీన్నే ప్రివెంటివ్ మెయింటెనెన్స్ అంటారు. నిజమే మరి, మెయింటెనెన్స్ జరక్కుండా భలే నివారిస్తున్నారు.

తనిఖీ రోజు చూడాలి ఆ వైభవం! మీటర్‌కి తడిగుడ్డ, ఆపైన పొడిగుడ్డ, భుజం పట్టీకి పాలిష్. క్యాలిబ్రేషన్, అంటే రీడింగ్ సరిగ్గా వస్తోందో లేదో సరిచూసే పని, గడువు దాటిందా, పాత స్టిక్కర్ మీద కొత్త స్టిక్కర్. పెద్దాఫీసరుగారు వచ్చి స్విచ్ తిప్పుతారు.

"రీడింగ్ ఎంత?"

"సున్నా సార్."

"వెరీ గుడ్."

చుట్టూ అందరి మొహాలూ వెలిగిపోతాయి. నాడి దొరకట్లేదంటే రోగి ప్రశాంతంగా ఉన్నాడని రాసుకునే డాక్టర్‌ని ఎక్కడైనా చూశారా? గైగర్ కౌంటర్ అనే ఇలాంటి మీటర్‌ని ఈ భూమ్మీద ఎక్కడ పెట్టినా అడపాదడపా టిక్కుమనాల్సిందే. నేలలో రేడియేషన్ ఉంది, ఆకాశం నుంచి కాస్మిక్ కిరణాలున్నాయి, ఆ మాటకొస్తే ఆఫీసరుగారి ఒంట్లోని పొటాషియం కూడా కాస్తో కూస్తో రేడియోధార్మికమే. 'ఇది పెద్ద రేంజ్ మీటర్ కదా, అంత చిన్నవి దీనికి కనబడవు' అంటారా? అందుకేగా స్వామీ చెక్ సోర్స్ ఇచ్చింది! కాస్త రేడియేషన్ ఉండే చిన్న బిళ్ళ, దగ్గర పెడితే ముల్లు కదలాలి. ఆ బిళ్ళ పెట్టెలో ఉంది, పెట్టెకి తాళం ఉంది, తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడు.

వెనక మూత తీస్తే అసలు దర్శనం. ఎప్పుడో వేసి మరిచిపోయిన సెల్లు కారిపోయి తెల్లటి పొడి, స్ప్రింగ్ మొత్తం తినేసిన ఆకుపచ్చ చిలుం. పైన పటారం, లోన లొటారం. వాడనప్పుడు సెల్లు తీసి పక్కన పెట్టడానికి అర నిమిషం పట్టదు. ఇక ఆల్ఫా కణాలనే ఒక రకం రేడియేషన్‌ని పట్టే ప్రోబ్ కిటికీకి ఉండే పొర వెంట్రుక కన్నా పలచన. అది చిరిగిందని పైన సెల్లోటేప్ అంటించిన మహానుభావుడికి దండం పెట్టాలి. ఆల్ఫా కణాన్ని మామూలు కాగితమే ఆపేస్తుంది నాయనా, నువ్వు దాని కంటికి గంతలు కట్టావు.

నవ్వుకుందామనే మొదలుపెట్టాను గానీ, నవ్వు రావట్లేదు. 1986లో చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో రియాక్టర్ పేలిన రాత్రి చేతిలో ఉన్న మీటర్లు గంటకి 3.6 రాంట్‌జెన్ (రేడియేషన్‌ని కొలిచే యూనిట్) అన్నాయి. ఎందుకంటే వాటి ముల్లు అంతకు మించి వెళ్ళదు! పై వాళ్ళకీ అదే అంకె చేరింది. పెద్ద రేంజ్ పరికరాల్లో ఒకటి అందకుండా శిథిలాల్లో ఉండిపోయింది, ఇంకోటి ఆన్ చేస్తే పని చెయ్యలేదు. పని చెయ్యలేదు! జీవితంలో ఒక్క రాత్రి కోసం కొన్న వస్తువు ఆ ఒక్క రాత్రీ పని చెయ్యలేదు. తొలి నెలల్లోనే 28 మంది ఫైర్ సిబ్బంది, ప్లాంట్ కార్మికులు రేడియేషన్ జబ్బుతో పోయారు.

టిక్కులు పెట్టినాయన ఎప్పుడూ ఆఫీసులోనే ఉంటాడు. మీటర్ పట్టుకుని అందరికన్నా ముందు నడిచేది మాత్రం మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు.

"సార్, ఇది టిక్కుమనట్లేదు."

"ఏమీ లేనట్టే కదరా. పద."