రైలు బాగుంది, కొలత ఏది?

మోడల్ రైల్వే గ్రూపుల్లో పడే ఫోటోలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ఇంజను ముక్కు కాస్త ఏటవాలుగా, హెడ్‌లైట్ వెలుగుతూ, వెనక నాలుగు వ్యాగన్లు మసకగా. కింద వరసగా బొటనవేళ్లు, "సూపర్ అన్నా"లు. చూసి ముచ్చటపడొచ్చు. కానీ ఆ ఫోటో పెట్టుకుని ఇంకొకరు ఒక్క మేకు కూడా కొట్టలేరు. స్కేలు (అసలు రైలులో బొమ్మ ఎన్నో వంతు) ఎంత, పట్టా ఎత్తెంత, వంపు వ్యాసార్థమెంత, ఆ ఇంజను ఆ వంపులో నిజంగా తిరుగుతోందా లేక ఫోటో కోసం చేత్తో పెట్టారా, ఏదీ తెలియదు.

జర్మనీలోనో అమెరికాలోనో ఇది పెద్ద లోటు కాదు. వాళ్ల రైళ్లకు సరిపోయే పట్టాలు, పాయింట్లు (బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించేవి) షాపులో దొరుకుతాయి, అంకెలన్నీ పెట్టె మీదే ఉంటాయి. మన బ్రాడ్ గేజ్ బొమ్మ కట్టేవాళ్లకు ఆ సుఖం లేదు. విశాఖలో కేకే (కొత్తవలస-కిరండూల్) లైను కట్టాలనుకునే వ్యక్తికి సగం సామాను తనే తయారు చేసుకోక తప్పదు. ఒక ఇంట్లో కుదిరిన ఉపాయం ఇంకో ఇంటికి చేరేది ఫోటో ద్వారానే. మనకున్న మాన్యువల్ అదే. అందులో అంకెలు లేకపోతే ఎలా?

గేజ్‌తో, అంటే రెండు పట్టాల మధ్య దూరంతో మొదలుపెడదాం. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. బొమ్మ రైళ్లలో హెచ్ఓ అనే స్కేలు 1:87 కాబట్టి బొమ్మలో అది 19.26 మి.మీ. రావాలి. బజారులో కొనే హెచ్ఓ పట్టా 16.5 మి.మీ. ఉంటుంది, అది 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌ లెక్క. ఓఓ స్కేలు, అంటే 1:76.2కి వెళితే తేడా ఇంకా పెరుగుతుంది. అక్కడ 22 మి.మీ. కావాల్సి ఉండగా పట్టా మాత్రం అదే 16.5. పక్క నుంచి తీసిన ఫోటోలో ఇదేమీ కనిపించదు. ఎదురుగా తీస్తే మాత్రం పెద్దాయన పిల్లల చెప్పులేసుకున్నట్టు ఉంటుంది. ఎదురు ఫోటోలు అంత అరుదుగా ఎందుకుంటాయో ఊహించడం కష్టం కాదు. 16.5తో సర్దుకోవడంలో నామోషీ ఏమీ లేదు. ఆ మాట ఫోటో కింద రాయకపోవడమే ఇబ్బంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అదే సరైన కొలత అనుకుని డబ్బు పోస్తారు.

పట్టా ఎత్తు కూడా అంతే. మీటరుకు 60 కిలోలు తూగే మన రైలు పట్టా ఎత్తు 172 మి.మీ., 52 కిలోలది 156 మి.మీ. హెచ్ఓలో సుమారు 2, 1.8 మి.మీ. అవుతాయి. 2.1 మి.మీ. ఉండే కోడ్ 83 (కోడ్ అంటే అంగుళంలో వెయ్యోవంతుల్లో పట్టా ఎత్తు) గానీ, 1.9 ఉండే కోడ్ 75 గానీ దగ్గరగా సరిపోతాయి. చవకగా దొరికే కోడ్ 100 ఎత్తు 2.54 మి.మీ., అంటే అసలు కొలతలో 22 సెం.మీ. పైనుంచి తీస్తే ఎవరికీ పట్టదు. కెమెరా కిందికి దించగానే పట్టా ప్రహరీ గోడలా లేచి నిలబడుతుంది.

ఇక వంపులు. బ్రాడ్ గేజ్‌లో అనుమతించే అతి బిగువైన వంపు వ్యాసార్థం 175 మీటర్లు. హెచ్ఓలో అది రెండు మీటర్లు. అంటే బండి వెనక్కి తిరగాలంటే నాలుగు మీటర్ల వెడల్పు కావాలి. మనకుండేది పదడుగుల గది. అందుకే అందరూ 437 మి.మీ. వంపుతోనో, కాస్త జాగా ఉంటే 600తోనో సరిపెట్టుకుంటారు. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి, ఫోటోలు దాచేదీ వాటినే.

విశాఖ ఇంజన్ల షెడ్డు సొంతం చేసుకున్న డబ్ల్యూఏజీ-6 అనే గూడ్సు కరెంటు ఇంజన్లనే తీసుకోండి. స్వీడన్ నుంచి ఆరు, జపాన్ హిటాచీ నుంచి పన్నెండు, మొత్తం 18 వచ్చాయి. వాటిలో 6ఏ, 6బీ రకాలకు రెండేసి ఇరుసులున్న బోగీలు మూడు. (మనం రైలు పెట్టెను బోగీ అంటాం గానీ, షెడ్డువాళ్ల మాటలో బోగీ అంటే కింద చక్రాలుండే బండి.) బొమ్మలో ముందు, వెనక బోగీల మధ్య దూరం 120 మి.మీ. అనుకుందాం. 437 వంపులో నడిమి బోగీ పక్కకు నాలుగు మి.మీ.కు పైగా జరగాలి, 600 వంపులో మూడు. లెక్క సులువే: దూరాన్ని దూరంతో హెచ్చించి, వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగించడమే. ఆ జరుగుబాటు ఇవ్వకుండా నడిమి బోగీని స్క్రూతో బిగిస్తే బండి వంపులో పట్టా తప్పుతుంది. చాలామంది స్పీడు ఎక్కువైందనుకుంటారు, పట్టా సరిగ్గా వేయలేదనుకుంటారు. అసలు జబ్బు ఇంజను పొట్ట కింద ఉంది. కాబట్టి ఆ ఇంజను కట్టినవాళ్లు పంచాల్సింది ముక్కు ఫోటో కాదు. ఇంజనును వెల్లకిలా పడుకోబెట్టి, నడిమి బోగీకి కోసిన గాడి పక్కన స్టీలు స్కేలు పెట్టి తీసిన ఫోటో కావాలి.

స్కేలు పెట్టడంలోనూ తప్పులు జరుగుతాయి. వస్తువు ఏ ఎత్తులో ఉందో స్కేలు కూడా అదే ఎత్తులో ఉండాలి. బల్ల మీద స్కేలు, దానికి నాలుగు సెం.మీ. పైన ఇంజను ఉంటే ఆ కొలత నమ్మడానికి లేదు. ఫోన్‌ను దగ్గరగా పెట్టకుండా అర మీటరు వెనక్కి జరిగి, రెండింతలు జూమ్ చేసి తీస్తే అంచులు వంగవు.

అందమైన ఫోటోలు వద్దని కాదు. తీస్తే సరిగ్గా తీయాలి. పట్టాల పక్కన నిలబడ్డ మనిషి కంటి ఎత్తు 1.6 మీటర్లనుకుంటే హెచ్ఓలో అది 18 మి.మీ. ఫోన్‌ను మామూలుగా పట్టుకుంటే లెన్స్ ఆ ఎత్తుకు దిగదు. తలకిందులు చేసి బల్లకు ఆనిస్తే దిగుతుంది, తర్వాత ఫోటోను తిప్పుకోవచ్చు. పోర్ట్రెయిట్ మోడ్ జోలికి పోవద్దు. అది ఇంజను నెత్తిన కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ అంచుల్ని, పై కరెంటు తీగల్ని నేపథ్యం అనుకుని మింగేస్తుంది. పైగా ముందూ వెనకా మసకబారితే చూసే కంటికి అది బొమ్మే అని ఇట్టే తెలిసిపోతుంది.

వెలుతురు ఒక్క దిక్కు నుంచే రావాలి, సూర్యుడు ఒక్కడే కదా. గదిలో రెండు ట్యూబులైట్లుంటే ఒక్కో స్తంభానికి రెండు నీడలు పడతాయి. దీపం రెండు మీటర్ల దూరంలో ఉంటే నీడలు దాదాపు సమాంతరంగా వస్తాయి, దగ్గరైతే విసనకర్రలా విచ్చుకుంటాయి. చవక ఎల్ఈడీ కింద ఫోటోలో అడ్డచారలు వస్తున్నాయంటే షట్టర్‌ను సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో మార్చాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు వందసార్లు మిణుకుతుంది. తీసే ముందు మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి. పదోవంతు మి.మీ. నలుసు అసలు కొలతలో దాదాపు సెంటీమీటరు బెడ్డ.

కంకర దగ్గర మన విశాఖకో ప్రత్యేక హెచ్చరిక ఉంది. బీచ్ ఇసుక ఊరికే దొరుకుతుందని పట్టాల మధ్య పోయకండి. ఉప్పు సంగతి అటుంచితే, మన తీరం ఇసుకలో ఇల్మనైట్ లాంటి నల్ల ఖనిజాలుంటాయి. వాటిలో అయస్కాంతానికి అతుక్కునే రేణువులు ఇంజను మోటార్‌లోకి చేరి పళ్లచక్రాల్ని నమిలేస్తాయి. ఏ ఇసుకైనా ముందు దాని మీద అయస్కాంతం తిప్పి చూడాలి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మట్టి రంగు అరకు కొండలకు బాగుంటుందని తవ్వుకురావడం అసలే కుదరదు, అది జాతీయ భూవారసత్వ స్థలం. ఇటుక పొడి చాలు. రైల్వే కంకర 20 నుంచి 65 మి.మీ. ఉంటుంది, హెచ్ఓలో అది ముప్పావు మి.మీ. దాటకూడదు. బొంబాయి రవ్వ కన్నా పెద్దదైతే దగ్గరి ఫోటోలో బండరాళ్లే. ఫెవికాల్, నీళ్లు సమానంగా కలిపి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేయాలి. ముందుగా కంకరను నీటి తుంపరతో తడపకపోతే జిగురు చుక్క ముత్యంలా నిలబడి రాళ్లను నెట్టేస్తుంది, గుంటలు పడతాయి. ఆ గుంటల ఫోటో ఒక్కటి పంచితే పదిమందికి ఒక సాయంత్రం మిగులుతుంది. అదెవరూ పంచరు.

బల్ల కింద వైరింగ్ ఫోటోలకూ అదే గతి. ఒకటిన్నర చదరపు ఎంఎం మెయిన్ వైరు, దాని నుంచి మీటరుకో జత సన్న వైర్లు పట్టాకు ఎక్కాయా లేదా అన్నదే బండి ఆగి ఆగి నడవడానికీ, సాఫీగా నడవడానికీ తేడా. టంకం మెరుస్తూ పట్టాకు పాకి ఉంటే అతుకు మంచిది. బూడిదరంగులో గరుకుగా, ముద్దలా ఉంటే పచ్చి అతుకు. యాసిడ్ ఫ్లక్స్ (టంకం అంటడానికి పూసే మందు) వాడితే సముద్రపు గాలికి త్వరలోనే ఆకుపచ్చ తుప్పు కనిపిస్తుంది. ఇవన్నీ ఫోటోలో పట్టుకోగలిగినవే, ఫోటో స్పష్టంగా ఉంటే.

ఆ స్పష్టతను వాట్సాప్ తినేస్తుంది. 300 మి.మీ. మేర లేఅవుట్‌ను 4000 పిక్సెళ్లలో తీస్తే 0.3 మి.మీ. తీగ నాలుగు పిక్సెళ్ల మందం ఉంటుంది. మామూలుగా పంపితే ఫోటో సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోయి, ఆ తీగకు ఒకటిన్నర పిక్సెల్ మిగులుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. అయితే కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఇంటి జాడ కూడా దానితోపాటే వెళుతుంది. ఖరీదైన ఇంజన్లున్న గది చిరునామా వందమందికి ఇవ్వాల్సిన పనేముంది, ఆఫ్ చేయండి.

అసలు రైళ్ల కొలతల కోసం పట్టాల మీదకు దిగేవాళ్లున్నారు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం, పైగా అనవసరం. మెయిన్ లైనులో కిలోమీటరుకు 1660 కాంక్రీటు స్లీపర్లు, అంటే 60 సెం.మీ.కు ఒకటి. ప్లాట్‌ఫాం మీంచి ఎదుటి లైనులోని వ్యాగన్‌ను నిటారుగా తీసి, కింద స్లీపర్లు లెక్కపెట్టుకుంటే టేపు లేకుండానే పొడవు వస్తుంది. కరెంటు స్తంభాల మధ్య దూరమూ అలాగే తెలుస్తుంది. అది 72 మీటర్ల దాకా ఉండొచ్చు, హెచ్ఓలో 83 సెం.మీ. చాలా లేఅవుట్లలో జానకో స్తంభం కనిపిస్తుంది.

ఇంకో రకం ఫోటో దాదాపు ఎక్కడా కనిపించదు: ఒకే చోటు, రెండు కాలాల్లో. ప్లైవుడ్ వానాకాలంలో చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, శీతాకాలంలో కుంచించుకుంటుంది. ఆగస్టులో సందు లేకుండా బిగించిన పట్టా జనవరిలో పక్కకు వంగేది అందుకే, ఎండ వల్ల కాదు. విజిటింగ్ కార్డు మందం సందు వదలడం, ప్లైవుడ్‌కు అంచులతో సహా అన్ని వైపులా వార్నిష్ పూయడం మందు. అది ఎంతవరకు పనిచేసిందో తేల్చాలంటే నేల మీద ట్రైపాడ్ కాళ్ల దగ్గర పెన్సిల్ గుర్తులు పెట్టి, అదే అతుకును ఆగస్టులో ఒకసారి, జనవరిలో ఒకసారి తీసి, రెండూ పక్కపక్కన పెట్టి పంపాలి. కింద తేదీ, ప్లైవుడ్ మందం, వదిలిన సందు రాయాలి.