రోలింగ్ టైటిల్స్ వారికి, హ అక్షరం నుంచి

సినిమా చివర పేర్లు మోసుకుని పైకి పాకే మహారాజశ్రీ రోలింగ్ టైటిల్స్ గారి దివ్యసముఖమునకు,

అనంతపురం నుంచి తమరి 412 మంది సహ నిర్మాతల్లో ఒకడు నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం. ఆదివారం మ్యాట్నీలో తమరు కూడా క్షేమంగానే పైకి వెళ్లిపోయారని తలుస్తాను. కళ్లారా చూసే భాగ్యం కలగలేదు కాబట్టి తలుచుకోవడమే.

ఆరో వరసలో పదకొండు మందిమి కూర్చున్నాం. ఉరవకొండ నుంచి మా మేనత్త, గుంతకల్లు నుంచి అక్కా బావా పిల్లలూ, మోకాళ్ల నొప్పితో మెట్లు చూస్తేనే భయపడే మా చిన్నాయన. అందరినీ పిలిపించింది నేనే, సినిమాలో నా పేరు పడుతుంది రండి అని. టికెట్లు నావి, ఆటోలు నావి, ఇంటర్వెల్లో సమోసాలు నావి. సినిమాకిచ్చిన 10,000 కాక ఆ పూటకు ఇంకో 2,800. పొద్దున పెట్టిన ఉగ్గాని బజ్జీ ఇందులో కలపలేదు, అది బంధుత్వం ఖాతా.

కథ అయిపోయింది. తెర నల్లబడింది. తమరు కింద నుంచి తల ఎత్తారో లేదో హాలంతా లేచింది. మనవాళ్ల సంగతి తమరికి తెలియనిదా? హీరో కళ్లు తుడుచుకునేలోపే వీళ్లకు స్టాండులో బండి గుర్తొస్తుంది. లేవనీ, నాకేం! మేం కదల్లేదు. లేవబోతున్న చిన్నాయనను భుజం పట్టి కూర్చోబెట్టాను. నటీనటులు వెళ్లారు. కెమెరా అసిస్టెంట్లు, లైట్‌మెన్, జనరేటర్ వ్యాను, వంటవాళ్లు వెళ్లారు. అప్పుడు పడింది, "మా సహ నిర్మాతలు" అని. మూడు వరసల్లో చీమల బారు. మా మేనల్లుడు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. "క" దాటింది, "చ" దాటింది. "న" దగ్గరికొచ్చేసరికి గేటు దగ్గరి పిల్లోడు పడమటి వైపు తలుపులు రెండూ బార్లా తీశాడు.

మే నెల, సాయంత్రం నాలుగున్నర, అనంతపురం ఎండ. దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో మాదొకటని బళ్లో చదువుకున్నవాళ్లం. ఇన్నేళ్లూ పడని ఆ వాన బదులు ఎండంతా ఒక్కసారిగా తెర మీద పడింది. తెర కాస్తా ఉతికి ఆరేసిన పంచె అయిపోయింది. ఆ తెలుపులో "ర" వాళ్లూ "ల" వాళ్లూ నీళ్లలో చేపపిల్లల్లా ఒకసారి కదిలారు. "స" దాకా వచ్చుంటుంది. లైట్లు వెలిగాయి. పైన ఆపరేటరు తెర ఆర్పేశాడు. చీపురు పట్టుకుని ఒకామె వచ్చింది.

"ఏమన్నా, సినిమా అయిపాయ కదా, ఇంగేం చూస్తాండారు? కాళ్లెత్తండి."

పదకొండు మందిమి కాళ్లెత్తాం.

"యాడరా నీ పేరు?" అన్నాడు చిన్నాయన, కాళ్లు గాల్లోనే పెట్టుకుని.

నా పేరు "హ"తో మొదలవుతుంది. బళ్లో హాజరు పిలిచేటప్పుడు నా వంతు వచ్చేసరికి పంతులుకు గొంతు ఆరిపోయేది. పరీక్షల్లో నా నంబరు ఎప్పుడూ మరుగుదొడ్ల పక్క గదిలో పడేది. అవన్నీ అక్షరక్రమం చేసిన పాపాలని ఊరుకున్నాను. డబ్బు కట్టి మరీ వరస చివర నిలబడటం మాత్రం ఇదే మొదలు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. తమరి వేగానికి ఒక పేరు తెర కింది అంచు నుంచి పై అంచు చేరడానికి నాలుగు సెకన్లు. 10,000ని నాలుగుతో భాగిస్తే సెకనుకు 2,500. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి ఫ్రేముకు 104 రూపాయల చిల్లర. మా చేలో బోరు వేయించినప్పుడు అడుగుకు ఇంచుమించు అంతే ఇచ్చాను. ఆ బోర్లో నీళ్లు పడలేదు గానీ తెల్లదుమ్మైనా పైకి వచ్చింది.

తమ్ముడిలాంటి మా డైరెక్టరును ఇందులోకి లాగకూడదనుకున్నాను. కానీ ఈ బేరం కుదిర్చింది ఆయనే కదా. రెండేళ్ల కిందట ఒక మిద్దె మీద వంద కుర్చీలు వేసి, ఆయన షార్ట్ ఫిల్ములు ఫోన్లలో చూసి మురిసిపోయిన మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడాడు. "కె.వి.రెడ్డి గారిది మన తాడిపత్రి. బి.ఎన్.రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములది మన కడప జిల్లా. మద్రాసుకు పోయి తెలుగు సినిమాను నిలబెట్టినోళ్లు మనోళ్లన్నా! అట్లాంటి సీమకు సినిమావాళ్లు ఏం మిగిల్చినారు? బాంబులు, వేటకొడవళ్లు, గాల్లోకి లేచే సుమోలు. మన సినిమాలో సుమో ఉండదు!" అన్నాడు. మిద్దె అదిరేలా చప్పట్లు కొట్టాం. మాట నిలబెట్టుకున్నాడు కూడా. సినిమాలో సుమో లేదు, ఇన్నోవా ఉంది. అది గాల్లోకి లేవకపోవడానికి కారణం ఆశయం కాదు, బడ్జెట్.

ఆ తర్వాత 'మంథన్' కథ చెప్పాడు. 1976లో గుజరాత్ పాడిరైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేసుకుంటే, ఆ 10 లక్షలతో శ్యామ్ బెనగళ్ తీసిన సినిమా. రైతులు లారీలెక్కి వచ్చి తమ సినిమా తాము చూసుకున్నారట. వింటుంటే నాకు ఒళ్లు పులకరించింది. పాలవాళ్లకు సినిమా ఉన్నప్పుడు శెనక్కాయలోళ్లకు ఎందుకుండకూడదు అనిపించింది. కింద టేబులు మీద రేట్ల కాగితం ఉంది. 5,000కు టీషర్టు (ఒక్క ఉతుక్కే మా మేనల్లుడికి సరిపోయింది). 10,000కు టైటిల్స్‌లో పేరు, లామినేషన్ చేసిన సర్టిఫికెట్. లక్షకు షూటింగులో డైరెక్టర్ పక్కన కుర్చీ. లాభాల్లో వాటా అందరికీ.

మా బావ ఆడిటరు ఆఫీసులో గుమస్తా. రసీదు చూసి నవ్వాడు. "2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేటుగా వాటాలు ఇస్తామని ఏడాదికి 200 మందిని మించి అడగకూడదబ్బీ. మీరు 412 మంది. అందుకే ఇందులో పెట్టుబడి అన్న మాటే లేదు, 'ప్రేమపూర్వక సహకారం' అని ఉండాది" అన్నాడు. నిజమే, అట్లాగే ఉంది. మిద్దె మీద పెట్టుబడిదారుణ్ణి, రసీదులో ప్రేమికుణ్ణి.

లెక్కల గురించి నేను పెద్దగా బాధపడటం లేదు. మొత్తం వసూళ్లు గ్రాస్ అన్నారు. అందులోంచి హాలు అద్దె, ప్రొజెక్షన్ కంపెనీ చార్జీ, పోస్టర్లు, డిస్ట్రిబ్యూటరు కమిషను పోగా షేర్ అన్నారు. ఆ షేర్ అప్పులకు సరిపోయిందన్నారు. శెనక్కాయ పంట వేసేవాడికి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. అందరివీ పోగా మనకు పొట్టు. వాట్సాప్ గ్రూపులో ఒక మాట అడుగుదామంటే అడ్మిన్లు తప్ప ఎవరూ రాయడానికి వీల్లేదు. అదీ వదిలేశాను.

తమరిని మాత్రం వదలలేకపోతున్నాను.

ఎందుకంటే ఆ 'మంథన్' మొదట్లో ఆ రైతుల మాట పడుతుంది. 5 లక్షల మందీ ఒక్క ముక్కలో, సినిమా మొదలు కాకముందే, జనం ఇంకా కుర్చీలు సర్దుకుంటున్నప్పుడే. వాళ్లలో ఎవరూ "యాడరా నీ పేరు" అని అడిగించుకుని ఉండరు. మా నాయన కాలంలో తెలుగు సినిమాలూ అంతే కదా. పేర్లన్నీ ముందే పడేవి. జనం బుద్ధిగా కూర్చుని చదివేవాళ్లు. పాటలు రాసిందెవరో, కళాదర్శకుడెవరో మా నాయనకు కంఠతా వచ్చేది. కథ ముగిశాక "శుభం" అని ఒకే మాట, దండం పెట్టి లేచేవాళ్లు. ఇప్పుడు హీరో బిరుదు ముందు, దాని తర్వాత హీరో పేరు, దాని తర్వాత హీరో చెప్పు. లైట్‌మెన్ నుంచి నా దాకా కష్టపడినవాళ్లూ డబ్బిచ్చినవాళ్లూ అందరూ వెళ్లిపోయే జనం వీపులకు వేలాడాలి.

ఏం, నీకంత తొందరేంది? నిన్ను తరిమేదెవరు? రెండుంపావు గంటలు హీరో ఇన్నోవా దిగేది చూసినాం, ఎక్కేది చూసినాం, మళ్లీ దిగేది స్లో మోషన్లో చూసినాం. దానికి లేని తొందర మా పేర్ల దగ్గరే వచ్చెనా? మేం 412 మందిమి ఎవరనుకుంటాండావు? అందులో టీచర్లుండారు, ఆటో తోలేవాళ్లుండారు, కువైట్‌లో వంట చేసి పంపిన ఒకామె ఉండాది. వాళ్లెవరూ లాభం కోసం ఇయ్యలేదు. ఇంట్లో చూపించుకోవాలని ఇచ్చినారు. నాలుగు సెకన్లు! ఆ నాలుగు సెకన్లు తలుపు మూసుకుని ఉండమని ఆ హాలువాళ్లకు ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు చెప్పలేకపోయినాడే! ఇప్పుడు ఊర్లో టీ అంగట్లోకి పోతే "ఏమప్పా ప్రొడ్యూసరప్పా, పేరు కనబడెనా?" అంటాండారు. మా చిన్నాయన అయితే పెళ్లిళ్లలో చెప్తాండాడు, మావోడు సినిమాకు డబ్బిచ్చి కాళ్లెత్తించినాడని.

క్షమించాలి. నోరు జారింది.

ఒక్కమాట చెప్పకపోతే నా అన్నం నాకు వంటబట్టదు. ఆ సినిమాలో ఒక సీను ఉంది. వసారాలో ఒక జేజి విత్తనానికని శెనక్కాయలు వలుస్తూ ఉంటుంది. చేటలో గింజలు పడే చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు, మ్యూజిక్ కూడా లేదు. మబ్బు వస్తుంది, ఆమె తలెత్తి చూస్తుంది. మబ్బు పోతుంది. ముడుచుకుపోయిన గింజ ఒకటి ఏరి, పారేయబోయి, నోట్లో వేసుకుని నములుతుంది. అంతే సీను. పక్కన మా మేనత్త సమోసా చేతిలో పట్టుకుని, "మాయమ్మ కూర్చున్నట్టే ఉండాది కదరా" అంది. ఆ తర్వాత సినిమా అయ్యేదాకా ఆమె ఏమీ మాట్లాడలేదు. మా మేనత్త మాట్లాడకుండా కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ చేట కొన్న డబ్బుల్లో నాదొక రూపాయి ఉంటుంది. ఉండాలి.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, నిన్న రాత్రి గ్రూపులో మెసేజి పడింది. "ప్రియమైన సహ నిర్మాతలారా! మీ ప్రేమ చూశాక ఈసారి ఒకటి కాదు, రెండు సినిమాలు!" అట. 25,000 ఇస్తే పేరు సినిమా మొదట్లోనే పడుతుందట. అక్షరక్రమంలో అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. మూడుసార్లు చదివాను. ఫోన్ బోర్లా పెట్టాను. మళ్లీ తిప్పి చదివాను.

మా ఆవిడ పేరు "అ"తో మొదలవుతుంది.

వంటింట్లోకి వెళ్లాను. ఊరిమిండికని వేయించిన శెనక్కాయలకు పొట్టు తీస్తోంది. "ఈసారి నీ పేరు మీద కడదామా?" అని అడిగాను. ఆమె తలెత్తి ఒకసారి నా వైపు చూసింది. చేటలోంచి ఒక గింజ తీసి నోట్లో వేసుకుని నమిలింది. మళ్లీ తల వంచుకుంది.

ఇట్లు,
తమరి విధేయుడు,
హ