బూడిద శాతం ఎంత?

31 ఏళ్ళు ఆడిట్ డిపార్ట్‌మెంటులో పనిచేశాను. తనిఖీకి వెళ్ళిన ఊళ్ళో కప్పు టీ తాగినా డబ్బులు నేనే ఇచ్చేవాణ్ణి. నా వెనకాల నన్ను ఏమని పిలిచేవారో నాకు తెలుసు, ఇక్కడ రాయను. అలాంటి నేను రిటైరైన నాలుగేళ్ళకి, నల్లకుంటలో, పట్టపగలు, ఒక దుకాణంలో లంచం పుచ్చుకున్నాను. అదీ పిల్లి తిండి దగ్గర.

పిల్లి మాది కాదు, మా అమ్మాయిది. పోయినేడు వానాకాలంలో గచ్చిబౌలిలో వాళ్ళ ఆఫీసు పార్కింగులో దొరికిందని అట్టపెట్టెలో తెచ్చింది. తోకని గుండ్రంగా చుట్టుకుని పడుకుంటుందని ‘సకినం’ అని పేరు పెట్టింది. నాలుగు నెలలు ముద్దు చేసి, బెంగుళూరుకి బదిలీ అయి వెళ్ళిపోయింది. "రెండు నెలల్లో ఇల్లు చూసుకుని తీసుకెళ్తా నాన్నా" అంది. మా బావమరిది కూడా ఇలాగే రెండు నెలలని చెప్పి 1994లో మా ఇంట్లో ఒక సూట్‌కేసు పెట్టి వెళ్ళాడు. అది ఇంకా అటక మీదే ఉంది.

మాది గుడ్డు కూడా గడప దాటని ఇల్లు. అమ్మాయి ఉన్నన్నాళ్ళూ ప్యాకెట్లేవో తనే తెప్పించి బాల్కనీలో పెట్టేది. అవి అయిపోయాక మా ఆవిడ పెరుగన్నం పెట్టింది. సకినం తిన్నది. ఆకలి మరి. మా ఆవిడ దాన్ని భక్తి అనుకుంది. "చూశారా, ఏ మఠంలో పుట్టాల్సిన జీవమో" అని కింది వాటా వాళ్ళకి కూడా చెప్పుకుంది. మూడు వారాలయ్యేసరికి దాని బొచ్చు పాత కొబ్బరిపీచులా తయారైంది. అప్పటిదాకా కర్టెన్ ఎక్కి నన్ను పైనుంచి చూసే పిల్లి, సోఫా ఎక్కడానికి కూడా ఆలోచించడం మొదలుపెట్టింది.

పశువుల డాక్టరు గారు విషయం విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయ్యా, పులికి ఏకాదశి పెడతారా?" అన్నారు. పిల్లి మాంసం మీదే బతకాల్సిన జీవమట. టారిన్ అనే పదార్థం దానికి రోజూ తిండిలోంచే రావాలి, తన ఒంట్లో సరిపడా తయారు చేసుకోలేదు. అది దొరికేది మాంసంలో, చేపలో. అన్నంలో, పప్పులో కాదు. టారిన్ చాలకపోతే గుండె కండరం సాగి బలహీనపడుతుంది, కంటిచూపు పోతుంది. ఈ గుండె సంగతి 1987లో కాలిఫోర్నియా పరిశోధకులు బయటపెట్టారు. అప్పుడు జబ్బు చేసింది పెరుగన్నం తిన్న పిల్లులకి కాదు, కంపెనీ తిండి తిన్న పిల్లులకే. ఆ తర్వాతే కంపెనీలు టారిన్ పాళ్ళు పెంచాయి.

"కుక్కల తిండి చవకగా వస్తుంది కదా, అది పెట్టొచ్చా?" అని అడిగాను. ఆడిట్ బుద్ధి. కుక్క టారిన్ తయారు చేసుకోగలదు కనుక దాని తిండిలో అంత కలపరని, ప్రొటీన్ కూడా పిల్లికి చాలదని చెప్పి, చీటీ మీద మూడు ముక్కలు రాసిచ్చారు. ప్యాకెట్ మీద ‘కంప్లీట్ అండ్ బ్యాలన్స్‌డ్’ అని, అంటే పిల్లికి కావలసినవన్నీ సరిపాళ్ళలో ఉన్నాయని, ఏ వయసు పిల్లికో, ఉండాలి. సీలు, తేదీ చూసుకోవాలి. లూజుగా అమ్మేది కొనకూడదు.

మూడే ముక్కలు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. మర్నాడూ చదివాను. రిటైరయ్యాక ఇంత హాయిగా ఎప్పుడూ లేను. పిల్లి తిండి ప్యాకెట్ వెనక ఉన్నది అచ్చం బ్యాలెన్స్ షీటే! పొడి గింజల ప్యాకెట్ మీద ప్రొటీన్ 32 శాతం అని ఉంటుంది, గ్రేవీ పౌచ్ మీద 8 శాతం. చూసినవాడు గ్రేవీ వాడు మోసం చేస్తున్నాడంటాడు. కానీ గింజల్లో నీరు 10 శాతం, గ్రేవీలో 82. నీళ్ళు తీసేసి చూస్తే గింజల్లో 32ని 90తో భాగించాలి, 35.6 వస్తుంది. గ్రేవీలో 8ని 18తో భాగిస్తే 44.4! చిక్కటి పాలలో వెన్న ఎక్కువో, నీళ్ళపాలలో వెన్న ఎక్కువో నీళ్ళు తీస్తే కదా తెలిసేది. ఈ లెక్క తేలగానే అర్ధరాత్రి మా ఆవిణ్ణి లేపి చెప్పాను. ఆవిడ "పిల్లి పడుకుందా?" అని అడిగి అటు తిరిగి పడుకుంది.

అమెరికాలో ఆఫ్‌కో అనే సంఘం ఒకటుంది. నీళ్ళు తీసేసిన లెక్కలో పెద్ద పిల్లి తిండికి కనీసం 26 శాతం, పిల్లికూనల తిండికి 30 శాతం ప్రొటీన్ ఉండాలని దాని పట్టిక. అక్కడ ‘విత్ చికెన్’ అని రాస్తే చికెన్ 3 శాతం ఉంటే చాలు. ‘చికెన్ ఫ్లేవర్’ అన్నారా, ఇక శాతమే లేదు, రుచి తెలిస్తే సరి. మా సాంబారులో ఇంగువ వాటా అన్నమాట.

ఇక 2007 నాటి గొడవ చదువుతుంటే నాకు పాత ఫైళ్ళ వాసన వచ్చింది. చైనా నుంచి పిల్లుల, కుక్కల తిండిలోకి వెళ్ళిన గోధుమ గ్లూటెన్‌లో, అంటే గోధుమ ప్రొటీన్‌లో, మెలమిన్ అనే రసాయనం కలిపారు. ఎందుకంటే ప్రొటీన్ పరీక్ష ప్రొటీన్‌ని నేరుగా కొలవదు, నైట్రోజన్‌ని కొలిచి లెక్క కడుతుంది. మెలమిన్ నిండా నైట్రోజనే. దొంగ ఓచర్లు పెట్టి టోటల్ సరిచేయడం తప్ప ఇది మరేమిటి? ఆ తిండి తిని అమెరికా, కెనడాల్లో పిల్లులు, కుక్కలు కిడ్నీలు చెడి చనిపోయాయి. కోట్లాది డబ్బాలు, పౌచ్‌లు వెనక్కి తెప్పించారు. కాబట్టి, టోటల్ చూసి సంతకం పెట్టకూడదు. నేను సర్వీసంతా చెప్పింది అదే, ఒక్కడూ వినలేదు.

అలా ఒక ఆదివారం మధ్యాహ్నం సఫారీ చొక్కా వేసుకుని, పంచాంగం చూసే భూతద్దం, నోటుబుక్కు, ఎర్ర పెన్ను, టార్చి, చేతిసంచీ పట్టుకుని మార్కెట్ రోడ్డులోని పెట్ షాపుకి వెళ్ళాను.

"ఏం గావాలె సార్?" అన్నాడు షాపతను. పాపం, అప్పటికి హుషారుగానే ఉన్నాడు.

"ముందు చూడనీ" అని ఒక్కో ప్యాకెట్ తిప్పి, భూతద్దంలో తయారీ తేదీ, బ్యాచ్ నంబరు చదివి నోటుబుక్కులో ఎక్కించడం మొదలుపెట్టాను. మూడో ప్యాకెట్‌కి అతను చేతిలో ఫోను పక్కన పెట్టాడు. ఐదో ప్యాకెట్‌కి లేచి నిలబడ్డాడు. ఒక దాంట్లో మొదటి దినుసు చికెన్ అని ఉంది. బరువు ప్రకారం ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు గానీ, పచ్చి చికెన్ తూకంలో నీళ్ళే ఎక్కువ. ఆ మాట గట్టిగానే అన్నాను: "ఇక్కడ బరువు ఎక్కువ చూపించారు." ఎర్ర పెన్నుతో గీత గీశాను.

"పిల్లగా, సార్‌కి కుర్సీ ఎయ్" అన్నాడతను.

పెద్దలంటే ఎంత మర్యాద అనుకున్నాను. కూర్చున్నాక అడిగాను. "దీంట్లో బూడిద శాతం ఎంత?"

అతని మొహం పాలిపోయింది. "బూడిదనా? బూడిద గీడిద ఏం కలపం సార్. కంపెనీ మాల్. మల్లన్న మీద ఒట్టు."

"కలపాలని కాదయ్యా. ఉంటుంది. ఎంతుందనేదే ప్రశ్న." తిండిని పూర్తిగా కాల్చేస్తే మిగిలే కాల్షియం, ఫాస్ఫరస్ లాంటి ఖనిజాల మొత్తానికి ‘యాష్’ అని పేరు. అది ఎవరూ గుప్పిళ్ళతో పోసేది కాదు. ఇదంతా విడమరిచి చెప్పవలసింది. కానీ అప్పుడే ఉస్మానియా బిస్కట్లు, ఇరానీ చాయ్ వచ్చాయి. చాయ్ చూస్తే నాకు విషయం పక్కకి పోతుంది. అలవాటు ప్రకారం జేబులోంచి 20 రూపాయలు తీసి ఇచ్చాను. కుర్రాడు భయంగా యజమాని వైపు చూశాడు. పైసలు తీసుకోని ఆఫీసరు కంటే తీసుకునేవాడే నయమని వాళ్ళ అనుభవం కాబోలు.

చాయ్ తాగుతుంటే గుమ్మం పక్కన నోరు తెరిచి ఉన్న గోనెసంచీ కనిపించింది. నిండా గింజలు, అందులో ఒక ప్లాస్టిక్ మగ్గు. ఏప్రిల్ ఎండ నేరుగా దాని మీద పడుతోంది. తేదీ లేదు, పేరు లేదు. తెరిచిన గింజలకి వేడి, గాలి తగిలితే వాటికి పట్టించిన కొవ్వు చెడి వాసనేస్తుంది. పురుగులు, ఎలుకలు వేరే. ఎలుక తిన్న తిండి పిల్లి తినడం ఏం న్యాయం? నేను వంగి ఒక గింజ తీసి వాసన చూశాను. దీపావళికి వండి సంక్రాంతికి తీసిన చేగోడీ వాసన. "దీనికి కాయితాలున్నాయా?" అన్నాను.

కుర్రాడు నేను వెనక్కి తిరిగేలోపు సంచీని లోపలికి ఈడ్చేశాడు. సంచీకి చిల్లున్నట్టుంది, గింజలు వరసగా రాలి దారి చూపించాయి.

"సార్..." షాపతను చేతులు కట్టుకున్నాడు. "మీరు ఏ ఆఫీసు సార్?"

"ఆడిట్" అన్నాను. 31 ఏళ్ళు చెప్పిన జవాబు, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ‘రిటైర్డ్’ అనే మాట మాత్రం రాలేదు. నిజం చెప్పాలంటే, దాన్ని పిలిచానని కూడా అనలేను.

లేచి, "సరే, ఇవాళ్టికి చూశాను. రేపు వచ్చి ఏ సంగతో తేలుస్తాను. ఈలోగా అన్ని కంపెనీల రేట్లూ కాయితం మీద రాసి ఇవ్వు" అన్నాను. అతను గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళి, ఒక కవరు తెచ్చి రెండు చేతులతో నా సంచీలో పెట్టాడు. "రాతకోతలెందుకు సార్, పిల్లలున్నోణ్ణి" అన్నాడు. ఎంత వేగంగా రాశాడు రేట్లు అని మెచ్చుకున్నాను కూడా.

దారిలో బండి దగ్గర ఆగి నాలుగు మిర్చిబజ్జీలు న్యూస్‌పేపరు ముక్కలో తిన్నాను. మూకుడులో నూనె ఏ నెలదో అడగలేదు.

ఇంట్లో కవరు విప్పింది మా ఆవిడ. రెండు 500 నోట్లు. "రేట్ల పట్టీ ఇదేనా?" అంది. విషయం అర్థమవడానికి నాకు ఒక నిమిషం, కూర్చోవడానికి కుర్చీ పట్టాయి.

అప్పటికప్పుడు తిరిగి వెళ్ళాను. షట్టరు సగం దించి ఉంది. కుర్రాడు బయట నిలబడి, "సేటు ఊర్లె లేడు సార్" అన్నాడు. సగం షట్టరు కింద సేటు కాళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. వాటితోనే, "బాబూ, డబ్బు తిరిగి ఇచ్చేద్దామని" అన్నాను. కాళ్ళు రెండడుగులు వెనక్కి వెళ్ళాయి. పోనీ పిల్లికి తిండయినా కొందామని పక్క సందులోని షాపుకి వెళితే, నేను నోరు తెరవకముందే కుర్చీ, కూల్‌డ్రింకు వచ్చాయి. వాటికంటే ముందు లోపల ఏదో బరువైనది ఈడుస్తున్న చప్పుడు వచ్చింది. పారిపోయి వచ్చాను. ఆ పక్క వీధిలో ఉన్న మూడోది మూసేసి ఉంది. ఆదివారం సెలవు కావచ్చు. కాకపోనూ వచ్చు.

ఇంటికొచ్చేసరికి సకినం పెరుగన్నం గిన్నె ముందు వీపు తిప్పుకుని కూర్చుంది. డాక్టరు గారి మాట అదీ విన్నట్టుంది. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుందని చదివాను కదా, నాకు చెమటలు పట్టాయి. జ్ఞానం ఎక్కువైతే వచ్చే కష్టాల్లో ఇదొకటి.

సోమవారం పొద్దున యాదమ్మ పనికి వచ్చింది. డాక్టరు గారి చీటీలోని ఆ ఇంగ్లీషు ముక్క పెద్ద అక్షరాలతో కాయితం మీద రాసి, "ప్యాకెట్ మీద ఇవే అక్షరాలు ఉండాలి, ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు సరిచూసుకో" అని చెప్పాను. తేదీ షాపతనితోనే చదివించుకోమన్నాను. కొనడానికి వేరే డబ్బులిచ్చి, ఆ కవరు కూడా చేతికిచ్చాను. "ఇది ఆ షాపాయనకి ఇచ్చెయ్. సార్ వద్దన్నాడని చెప్పు."

పావుగంటలో వచ్చింది. సీలు చెక్కు చెదరని 1.2 కిలోల ప్యాకెట్, ఏడాది గడువు, అక్షరాలు సరిగ్గా ఉన్నాయి. నీళ్ళు తీసేసిన లెక్కలో ప్రొటీన్ 36. నేను రెండు రోజులు చేసిన పని ఇది. గిన్నెలో పోయగానే సకినం నావైపు ఒకసారి చూసి తినడం మొదలుపెట్టింది. కొత్త తిండి వారం పది రోజులపాటు పాతదాంట్లో కొంచెం కొంచెంగా కలిపి అలవాటు చేయాలంటారు. కానీ పాతది పెరుగన్నం. ఏది ఎందులో కలపమంటారు?

"కవరు ఇచ్చావా?" అన్నాను.

"ఇచ్చిన సారూ. సార్ వద్దన్నడని జెప్పిన. గాయన మస్తు పరేషానైండు. గా లూజు సంచి మోరీల పారబోసినని జెప్పుమన్నడు. మల్ల లోపట్కి వొయ్యి, గీ కవరే మల్ల ఇచ్చిండు, సార్ కోపం జెయ్యొద్దన్నడు."

విప్పాను. నాలుగు 500 నోట్లు.

మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, లెక్కపెట్టి, "ఇంకోసారి వెనక్కి పంపి చూడండి. సకినానికి ఏడాది తిండి అమరేలా ఉంది" అంది.